ఏడు రోజుల మాత్రల డబ్బా గారికి విన్నపం

మహారాజశ్రీ మాత్రల డబ్బా గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఉభయుల్లో ఒకరు నిన్న మధ్యాహ్నమంతా నేల మీద చతికిలబడి మాత్రల రేకులకు పడ్డ చిల్లులు లెక్కపెట్టుకుంటూ గడిపారు కనుక, కుశలం తమరొక్కరిదేనని భావించి విషయానికి వస్తున్నాను.

తమరిని ఇంటికి తెచ్చుకున్నది ఒకే ఒక్క హామీని నమ్మి: ఇక మీదట ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నానో నేను గుర్తుపెట్టుకోనక్కరలేదు. మాస్ట్ కణాల రుగ్మత ఉన్న మనిషికి అంతకన్నా కమ్మని మాట ఉండదు. మాస్ట్ కణాలంటే ఒంటిని కాపాడాల్సిన కణాలే, నాలో మాత్రం కారణం లేకుండానే రెచ్చిపోయి, అలర్జీ రప్పించే హిస్టమిన్ లాంటి రసాయనాలను గుమ్మరిస్తాయి. పది గంటలు నిద్రపోయి, రాత్రంతా బస్తాలు మోసినట్లుగా లేచే మనిషిని నేను. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తి, సగంలో దించి, కాసేపు ఆగి, మళ్లీ ఎత్తాలి. ఇక మెదడు సంగతి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, అక్కడికి చేరుకునేసరికి కర్త ఎవరో మరిచిపోతున్నాను. దీన్ని బ్రెయిన్ ఫాగ్ అంటారు. పొగమంచయితే ఎండ రాగానే విడిపోతుంది, నాకు ఎండ తగిలితే ఇంకాస్త కమ్ముకుంటుంది.

నిన్న జరిగినది తమరి సమక్షంలోనే జరిగింది. పొద్దున ఏ కారణమూ కనబడకుండానే ముఖం ఎర్రబారి, ఒంట్లో సెగలు పుట్టి, ఆ వెనకే సత్తువంతా ఎవరో తోడేసినట్లయి పడుకుండిపోయాను. రెండు గంటలకు లేచి, ఉదయపు మాత్రలు వేసుకున్నానా లేదా అన్న సందేహంతో తమరి దర్శనానికి వచ్చాను. ఉదయపు వరసలో ఒక 'టి' అర నిండుగా ఉంది. ఇంకొక 'టి' అర ఖాళీగా ఉంది.

ఇక్కడే తమరిని ఒక మాట అడగాలి. తమరి మూతల మీద వారాల పేర్లు పూర్తిగా అచ్చు వేసే ఓపిక తయారు చేసినవారికి లేక, ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరంతో సరిపెట్టారు. మంగళవారానికీ 'టి', గురువారానికీ 'టి', శనివారానికీ ఆదివారానికీ 'ఎస్'. మతిమరపు మనుషుల కోసం చేసిన వస్తువులో ఏడు రోజులకు అయిదే అక్షరాలన్నమాట. వరసలో ఎన్నోదో లెక్కపెట్టుకుంటే పోలా అని ఆరోగ్యవంతులు సలహా ఇస్తారు. అంత లెక్క నిలబడే బుర్రే ఉంటే నాకు తమరితో పనేమిటి?

సరే, కష్టపడి లెక్కపెట్టాను. నిండుగా ఉన్నది మంగళవారం, ఖాళీగా ఉన్నది గురువారం. ఈ రోజు మంగళవారమే అయితే, పొద్దున పొరపాటున గురువారం మాత్రలు వేసుకుని ఉండాలి. లేదా ఆదివారం నాడు తమరిని నింపేటప్పుడు గురువారాన్ని మరిచిపోయి ఉండాలి, అంటే ఇవాళ్టివి ఇంకా వేసుకోలేదు. లేదా ఇవాళే గురువారం, మొన్నటివి ఎగ్గొట్టాను. ఇవాళ ఏ వారమో చూద్దామని ఫోను తీశాను. ఎవరిదో సందేశం కనబడింది, దానికి జవాబు రాసి, ఫోను పక్కన పెట్టి, ఎందుకు తీశానో తెలియక కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు మంగళవారమని తేలింది. ఒక సందేహం తీరడానికి ముప్పావుగంట పట్టింది.

మిగిలినది రేకుల లెక్క. పొద్దున రెండు, రాత్రి మూడు చొప్పున వారానికి ముప్పై అయిదు మాత్రలు తమరి పద్నాలుగు అరల్లోకి వెళ్లాలి కనుక, రేకుల్లో పడ్డ చిల్లులను బట్టి గురువారానికి పోశానో లేదో తేల్చుకోవచ్చని అనుకున్నాను. మూడుసార్లు లెక్కపెడితే మూడు సంఖ్యలు వచ్చాయి. నాలుగోసారి లెక్కపెట్టే ఓపిక లేక నేల మీదే ఒరిగిపోయాను. మళ్లీ వేసుకుంటే రెట్టింపవుతుందేమోనని భయం, మానేస్తే రాత్రికి ఒళ్లంతా మళ్లీ రాజుకుంటుందని భయం.

నా మాస్ట్ కణాలకు పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, 1878లో వాటిని రేణువులతో కిక్కిరిసి ఉండగా చూసి, బాగా మేసి బలిసినవనుకున్నాడట. జర్మన్ భాషలో 'మాస్ట్' అంటే మేపడమే. అవి మేస్తున్నాయి, నేను చిక్కుతున్నాను. వాటి సంచుల్లో ఉన్నది హిస్టమిన్ ఒక్కటే అయితే ఒకటి రెండు మాత్రలతో పోయేది, ఇంకా ఎన్నో రసాయనాలు ఉన్నాయి కనుకనే తమరికిన్ని అరలు. తమరిలోని ఒక మాత్రను చూసినవాళ్లందరూ గ్యాస్ మాత్రేగా అని పెదవి విరుస్తారు. అది కణాల మీద హిస్టమిన్ వెళ్లి అతుక్కునే చోట్లలో, అంటే గ్రాహకాల్లో, రెండో రకం వాటిని అడ్డగిస్తుందని చెప్పబోయి, 'గ్రాహకం' అనే మాట గుర్తుకు రాక ఊరుకుంటాను. పాతకాలపు యాంటీహిస్టమిన్లు మెదడులోకి చొరబడి, మెలకువను నిలిపే హిస్టమిన్ను కూడా అణిచేస్తాయి కనుక వాటితో జోగడం అదనం. ఈ కణాలు వదిలే ట్రిప్టేజ్ అనే పదార్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష ముచ్చట ఇంకొకటి. దాడి మొదలైన నాలుగు గంటల్లోపే రక్తం ఇవ్వాలి, అంటే లేచి నిలబడలేని సమయం చూసుకుని పరుగెత్తుకుంటూ వెళ్లాలి. ఆలస్యంగా వెళితే 'నార్మల్' అని కాగితం చేతిలో పెడతారు, దాన్ని చూసి ఇంట్లో బద్ధకమని పేరు పెడతారు.

వీరందరినీ క్షమించగలను. తమరిని క్షమించలేకపోతున్నాను.

సాయంత్రం దీపం వేశాక కనబడ్డాయి. నీళ్ల గ్లాసు వెనకాల, కళ్లజోడు తుడుచుకునే గుడ్డ కింద, రెండు మాత్రలూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. పొద్దున గురువారం మూత తెరిచాను, మాత్రలు తీసి బల్ల మీద పెట్టాను, గ్లాసు నిండా నీళ్లు పోసుకున్నాను, నీళ్లు తాగేశాను. మాత్రలు మాత్రం వేసుకోలేదు.

నీకు తెలుసు. రోజంతా నా ఎదుట ఖాళీ అర చూపించి, వేసుకున్నావులే అన్నట్లు కూర్చున్నావు. అవును, ఇక తమరూ గిమరూ లేదు. అర ఖాళీ అయితే మాత్ర కడుపులో పడిందని నీకెవరు చెప్పారు? నా జ్ఞాపకాన్ని నీకు అప్పజెబితే నువ్వు దాచినది మూతల లెక్క. పైగా ఆదివారం పూట నిన్ను నింపాలంటే కావలసింది నా జ్ఞాపకమే. లేనివాణ్ణి అప్పు అడిగి వడ్డీకి తిప్పే వ్యాపారం నీది. నిన్ను కిటికీలోంచి విసిరేద్దామని నిజంగానే చేతిలోకి తీసుకున్నాను.

విసిరేసే బలం లేకపోయింది. చెయ్యి దించేసరికి బుధవారం అర లోపల మాత్రలు కదిలి గలగలమన్నాయి. నేను ఏ మంచి ఘడియలోనో కూర్చుని, ఒక్కొక్కటే గిల్లి, లోపల వేసి, నొక్కి మూసిన మాత్రలు అవి. రేపటి నాకు నిన్నటి నేను చేసిపెట్టిన పని ఈ ఇంట్లో అదొక్కటే. నువ్వు అబద్ధాలకోరువే గానీ, బరువైనదానివి కాదు, పడుకున్న చోటి నుంచే చేతికి అందుతావు, నేనెలా ఉన్నానని పదిసార్లు అడగవు.

కనుక రాజీ. ఒక 'టి' మీద పెన్నుతో 'మం' అని రాశాను, రెండో దాని మీద 'గు'. చెయ్యి వణికి 'గు' కాస్త 'గ' లాగా వచ్చింది, దాంతోనే సరిపెట్టుకో. ఇప్పుడు రాత్రి మాత్రల వేళయింది. మూత తెరిచాను, మూడు మాత్రలూ నా అరచేతిలో ఉన్నాయి, బల్ల మీద పెట్టలేదు. అవి నోట్లో పడ్డాకే ఈ ఉత్తరం కింద సంతకం పెడతాను.

ఇట్లు,