జులైలో అటక మీంచి దిగిన స్వెట్టర్లు

జులై వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో ఈ మెసేజ్ పడాల్సిందే. "రేపు ఉదయం 5:27 నుంచి అఫీలియన్. భూమికి, సూర్యుడికి మామూలుగా 9 కోట్ల కిలోమీటర్ల దూరం. ఇప్పుడది 15.2 కోట్లు, అంటే 66 శాతం ఎక్కువ. ఆగస్టు 22 దాకా ఎన్నడూ లేనంత చలి. జలుబు, దగ్గు, ఒళ్లు నొప్పులు వస్తాయి. అందరికీ పంపండి." రేపు అంటే ఏ తారీఖో ఉండదు, కాబట్టి ఎన్నేళ్లయినా పాతబడదు. ఈసారి బాబాయి పంపాడు. పిన్ని అటక మీంచి స్వెట్టర్లు కూడా దింపించింది.

అందులో 15.2 కోట్లన్నది నిజమే. మోసమంతా ఆ 9 కోట్లలో ఉంది. సూర్యుడికి మనం సగటున 14.96 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. జనవరి మొదట్లో బాగా దగ్గరైనప్పుడు 14.71 కోట్లు, జులై మొదట్లో బాగా దూరమైనప్పుడు 15.21 కోట్లు. తేడా 50 లక్షల కిలోమీటర్లు, మూడున్నర శాతం కూడా లేదు. నిజంగా 9 కోట్లే అయితే శుక్రగ్రహం కంటే మనమే సూర్యుడికి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే శుక్రుడు ఉండేదే దాదాపు 10.8 కోట్ల దగ్గర. ఎండ ఇప్పటికి రెండున్నర రెట్లు దాటేది. మే నెలలో రెంటచింతల ఎండకే అల్లాడిపోతున్నాం!

ఆగస్టు 22 దాకా అన్న మాటకూ అర్థం లేదు. అఫీలియన్ అంటే కక్ష్యలో అన్నిటికన్నా దూరపు బిందువు. భూమి దాన్ని దాటిన మరుక్షణం నుంచే మళ్లీ దగ్గరకు రావడం మొదలుపెడుతుంది.

ఇక చలి సంగతి. దూరం వల్లే చలి వేస్తే లంబసింగిలో జనాలు చలిమంటలు వేసుకోవాల్సింది జులైలో. వేసుకునేది మాత్రం డిసెంబరు, జనవరిల్లో, అంటే సూర్యుడు బాగా దగ్గరగా ఉన్నప్పుడు. అదే జనవరిలో ఆస్ట్రేలియాలో నడివేసవి. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి ఏ సగం సూర్యుడి వైపు వాలితే ఆ సగానికి ఎండాకాలం. జులైలో వాలి ఉండేది మన సగమే. ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏ డాబా మీదో ఒక కర్ర నిలువుగా నిలబెట్టండి. మబ్బు లేకపోతే కొన్ని క్షణాలు దాని నీడ మొదట్లోనే మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మెసేజ్ లెక్కన మనం వణుకుతూ ఉండాల్సిన రోజులవి.

మే కంటే జులై చల్లగా ఉండదా అని బాబాయి అడిగాడు. ఉంటుంది. ఈ మెసేజ్‌ని జనం నమ్మేదీ అందుకే. ఆ చల్లదనం రుతుపవనాలది, మబ్బులది, వానలది. జలుబులు తెచ్చేవి వైరస్‌లు. వాటికి సూర్యుడు ఎన్ని కోట్ల కిలోమీటర్లలో ఉంటే ఏంటి?

దూరమైనందుకు నిజంగా జరిగేది వేరే ఉంది. భూమి నెమ్మదిస్తుంది. జనవరిలో సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతో పోయేది, జులైలో 29.3కి తగ్గుతుంది. అందుకే మార్చి విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తుకు దాదాపు 186 రోజులు పడితే, తిరుగు సగానికి 179 చాలు. మన పంచాంగంలోనూ ఇది కనిపిస్తుంది. సూర్యుడు మిథునంలో 31న్నర రోజులు దాటి ఉంటాడు, ధనుర్మాసానికి 29న్నర కూడా పట్టదు.

ఇది చెప్పేసరికి బాబాయి కళ్లజోడు పెట్టుకుని పంచాంగం తీశాడు. మిథున సంక్రమణం నుంచి కర్కాటక సంక్రమణం దాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ ధనుస్సు నుంచి మకరానికి. రెండు రోజులు పైనే తేడా వచ్చింది. స్వెట్టర్లు అటకెక్కాయి కానీ, గ్రూపులో మెసేజ్ మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు.