ఊడ్చి పారేసేదానికి అంత ధరా?

మిర్చి సీజన్‌లో గుంటూరు వెళ్తే మా పెద్దమ్మ వాళ్ల వీధంతా ఘాటే. మొన్న ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు అక్కడ తొడిమలు తీసే పనికెళ్లే ఒక అక్క ఇంట్లో, చూరుకు వేలాడుతున్న గిజిగాడి గూడు చూశాను. దగ్గరికెళ్తే తుమ్మొచ్చింది. గూడంతా మిరప తొడిమలే!

అక్క ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కూలి అయ్యాక ఊడ్చి పోగేసిన తొడిమలు ఇంటికి తెచ్చుకుని, బాగా ఎండబెట్టి, ఒక్కొక్కటే అతికిస్తుంది. మొదట్లో మైదా జిగురు వాడితే పురుగు పట్టిందట. చిన్నప్పుడు అమ్మమ్మ నానిన కాగితాలు, మెంతులు కలిపి రుబ్బి చాటలకు మెత్తడం గుర్తొచ్చి, చింతపిక్కల జిగురులో మెంతిపిండి కలిపింది. కొండపల్లి బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికేదీ చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే. ఆ సంగతి ఈమెకు తెలియదు. కాలవ గట్టున తుమ్మచెట్టు కింద కూర్చుని పిట్ట అల్లిక చూసేదట. "మగపిట్ట సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది తమ్ముడూ, నచ్చితేనే ఉంటుంది" అంది.

ధర పదిహేను వందలు చెప్పింది. "ఊడ్చి పారేసేదానికి అంతా?" అన్నారు నా వెంట వచ్చిన బంధువు. ఆ క్షణాన నేను నోరు విప్పలేదు. అది నా తప్పే, ఇప్పటికీ బాధగా ఉంది.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అని ఒక రోడ్ల ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. 1957 నుంచి పగిలిన పింగాణీ, గాజు ముక్కలతో ఎవరికీ తెలియకుండా బొమ్మల తోట కట్టుకుంటూ పోయాడు. బయటపడ్డాక అధికారులు కూల్చేద్దామన్నారు. చివరికి 1976లో జనానికి తెరిచారు, 1984లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వాడిందీ చెత్తే కదా!

మన సంఘం ఉత్సవాలకు సినిమావాళ్లను ప్రయాణం టికెట్లిచ్చి పిలిపిస్తాం, బేరమాడం. చేతిపని తెచ్చినవాళ్ల దగ్గర మాత్రం స్టాల్ అద్దె తీసుకుంటాం, పైగా "లాస్ట్ ఎంత?" అంటాం. కమిటీని గట్టిగా అడుగుతున్నాను: వచ్చే ఉత్సవంలో ఇలాంటివాళ్ల వస్తువులకు అద్దె లేని స్టాల్ ఇవ్వండి. వాళ్లు చెప్పిన ధరకే అమ్మండి, డబ్బు ముందే పంపండి.

చెప్పిన ధరకే ఆ గూడు కొన్నాను, ఇంకో రెండింటికి అడ్వాన్స్ ఇచ్చాను. వచ్చే పంట దాకా ఆగాలంది అక్క. పాత తొడిమలకు ఆ రంగు ఉండదట.