బంగారు తీగ గాలికి వచ్చేది కాదు

కృష్ణా, గుంటూరు, బాపట్ల మాగాణుల్లో వరి కోతలు ముగిసి మినుము, పెసర మొలిచే రోజులు రాగానే బంగారు తీగ (కస్కుటా) గురించి, అంటే పైరును చుట్టుకుని దాని రసం పీల్చి బతికే పరాన్నజీవి కలుపు గురించి, ఫోన్లలో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇదీ: "బంగారు తీగ గాలికి వస్తుంది, మన విత్తనంతో సంబంధం లేదు. దానికి మందు లేదు. వేరున్న చోట ఉప్పునీళ్ళు పోయండి. కనిపించిన తీగను చేత్తో లాగేసి పశువులకు వేయండి. మళ్ళీ వరి వేస్తే నేలలో మిగిలిన గింజ కుళ్ళిపోతుంది. తీగను కషాయం కాచి తాగితే జుట్టు రాలదు." ఇది నమ్మి నడుచుకుంటే చేలో ఒక మూల ఉన్న తీగ మూడు నాలుగేళ్ళలో చేనంతా అల్లుకుంటుంది. అందుకే ఒక్కొక్క మాటా విడదీసి చూద్దాం.

"గాలికి వస్తుంది." రాదు. బంగారు తీగ గింజ సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది. దానికి జిల్లేడు గింజకున్నట్టు దూది లేదు, రెక్క లేదు. కాయ పగిలితే ఆ మొక్క కిందే రాలుతుంది. అక్కణ్ణుంచి దాన్ని ఊరూరా తిప్పేది మనమే. విత్తనం, నూర్పిడి యంత్రం, కాలువ నీళ్ళు, పేడ, ఇవే దాని దారులు. అమెరికాకు పక్షుల మేతగా వెళ్ళే వలిసెల గింజల్ని అక్కడి వ్యవసాయ శాఖ 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో 15 నిమిషాలు ఉంచితే తప్ప లోపలికి రానివ్వదు. వలిసెల్లో కలిసి వచ్చే బంగారు తీగ లాంటి కలుపు గింజలే దానికి కారణం. మన విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లోనూ లూసర్న్ అనే పశుగ్రాసపు పంట విత్తనంలో ఉండకూడని కలుపుగా దీని పేరుంది.

మినుము విత్తనం శుభ్రం చేయడం తేలికే అనిపిస్తుంది. మినప గింజ దీనికి మూడు నాలుగింతలు పెద్దది కాబట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే సన్న గింజ కిందికి దిగిపోతుంది. మోసం ఎక్కడుందంటే ఎండిన కాయలో. బంగారు తీగ కాయ గుండ్రంగా 3 మిల్లీమీటర్ల వరకు ఉండి లోపల 4 గింజల దాకా దాచుకుంటుంది. అది పగలకుండా ఉంటే జల్లెడ మీదే, మినుములతో పాటే నిలిచిపోతుంది. అందుకని ముందు విత్తనాన్ని బాగా ఎండబెట్టి, గోనె మీద గట్టిగా నలిపి, తూర్పారబట్టి, ఆ తర్వాతే జల్లించాలి. కిందికి దిగిన మట్టిని కళ్ళం పక్కన పారబోయకుండా కాల్చేయాలి. లూసర్న్ గింజ సన్నది కాబట్టి దానికి జల్లెడ పనికిరాదు. బంగారు తీగ గింజ పైపొర గరుకుగా ఉంటుంది, లూసర్న్ గింజ నున్నగా ఉంటుంది. ఇనుప పొడి కలిపితే గరుకు గింజకే అంటుతుంది, దాన్ని అయస్కాంతపు డ్రమ్ముతో లాగేస్తారు. ఇంత శ్రమ పడేది గాలికి వచ్చేదాని కోసం కాదు కదా.

"మందు లేదు." మినుమును అల్లుకున్నాక మినుముకు దెబ్బ తగలకుండా తీగను మాత్రమే పూర్తిగా చంపే మందు లేదన్నది నిజం. కానీ మొలిచే దశలో ఆపే మందు ఉంది. ఈ తేడా చెప్పకపోవడమే ఆ సందేశంలో పెద్ద అన్యాయం. బంగారు తీగ గింజ మొలవడానికి పక్కన పంట ఉండక్కర్లేదు. పంట వేళ్ళను పట్టి బతికే పొగాకు మల్లెకైతే ఆ వేళ్ళ నుంచి వచ్చే రసాయనం తగలాలి, దీనికి తడి తగిలితే చాలు. మొలిచాక గింజలో ఉన్న నిల్వతోనే కొద్ది రోజులు బతుకుతుంది. ఆలోగా ఆధారం దొరక్కపోతే చచ్చిపోతుంది. ఆ ఆధారాన్ని అది గుడ్డిగా వెతకదు. మొలక టమాటా మొక్క వదిలే వాసన వైపు వంగి పెరుగుతుందని పెన్సిల్వేనియా పరిశోధకులు 2006లో చూపించారు.

మొలిచే దశలో ఆపే ఆ మందు పెండిమిథాలిన్. అది పనిచేసేది ఈ కొద్ది రోజుల్లోనే. మెట్ట పొలంలో 30 శాతం మందును ఎకరాకు 1.3 నుంచి 1.6 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి, విత్తిన రోజు గానీ మర్నాడు గానీ పిచికారీ చేయాలి. మాగాణిలో చిక్కు వేరు. అక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము చల్లుతారు, కోశాక పనలు చేలోనే ఆరతాయి, అప్పుడు పిచికారీకి వీలుండదు. అందుకే ఎకరాకు సరిపడా మందును 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పనలు తీసిన వెంటనే, పదును ఆరకముందే సమానంగా చల్లాలి. మోతాదు మీ నేలకు తగ్గట్టు కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి ఖాయం చేసుకోండి. మందు పనిచేయలేదనే ఫిర్యాదు వచ్చిన చోట ముందు చూడాల్సినవి రెండు: పనలు ఆలస్యంగా తీశారా, చల్లేసరికి నేల ఆరిపోయిందా. తీగ మొలక మినుము కాండం ఎక్కాక నేల మీద మందు ఎంత చల్లినా దానికి తగలదు. గింజలన్నీ ఒకేసారి మొలవవు కూడా, కాబట్టి తర్వాత వచ్చే మొలకలు తప్పించుకుంటాయి. వాటి కోసం విత్తిన 20-25 రోజులకు ఇమాజితాపిర్ 10 శాతం మందు ఎకరాకు 200 మిల్లీలీటర్లు వాడితే తీగ అణుగుతుంది. పూర్తిగా చావదు. మినుము ఆకులు కొన్నాళ్ళు పసుపు రంగుకు తిరిగి మళ్ళీ తేరుకుంటాయి. శనగ మీద మాత్రం ఇది కొట్టకూడదు, పైరు దెబ్బతింటుంది.

"వేరున్న చోట ఉప్పునీళ్ళు." ఏ వేరు? మినుమును చుట్టుకున్న తర్వాత తీగ అడుగు ఎండిపోతుంది, నేలతో దానికి పని ఉండదు. చూషకాలు, అంటే దాని పీల్చే వేళ్ళ లాంటి భాగాలు, మినుము కాండంలోకి దిగి నీరూ ఆహారమూ లాక్కుంటాయి. నేలలో పోసిన ఉప్పు దాన్ని తాకకుండా మినుమునూ నేలనూ పాడుచేస్తుంది.

"చేత్తో లాగేయండి." లాగితే తెగుతుంది, చూషకాలున్న ముక్క మినుముకే అంటుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి మళ్ళీ చిగురిస్తుంది. చేలోంచి ఈడ్చుకుపోతే రాలిన తునకలు దారిలో తగిలిన మొక్కలకు పట్టుకుంటాయి. మనసు ఒప్పకపోయినా తీగ పట్టిన మినుమును కూడా వదులుకోవాల్సిందే. తీగ కనిపించే అంచు నుంచి చుట్టూ మరో మీటరు వదిలి, అంతవరకు మొక్కల్ని నేలకు ఆనించి కోసి, అక్కడికక్కడే గోనె సంచుల్లో కుక్కి, బయట ఎండబెట్టి కాల్చాలి. వారానికొకసారి ఆ చోటు మళ్ళీ చూడాలి. ఇదంతా తెల్లని పూత గుత్తులు రాకముందే జరగాలి.

"పశువులకు వేయండి." ఈ సలహా అన్నిటికంటే ప్రమాదం. గట్టి పైపొర ఉన్న గింజ పశువు కడుపులో అరగదు, పేడతో బతికే బయటికొస్తుంది. ఆ పేడ దిబ్బ ఎరువై శుభ్రంగా ఉన్న చేలోకి చేరుతుంది. తీగ పట్టిన చేలోని మినప కట్టె మేపినా ఇదే జరుగుతుంది.

"వరి వేస్తే గింజ కుళ్ళిపోతుంది." కృష్ణా డెల్టా మాగాణుల్లో ఏటా సార్వా (వానాకాలం) వరే వేస్తారు. నెలల తరబడి నీళ్ళు నిలిచిన అదే నేలలో డిసెంబరు, జనవరిలో బంగారు తీగ మొలుస్తోంది. చాలా గింజల గట్టి పైపొర మెత్తబడేదాకా నీటిని లోపలికి రానివ్వదు, అలాంటి గింజ నేలలో పదేళ్ళకు పైగా బతికే ఉంటుంది. దమ్ము చేసిన ప్రతిసారీ అడుగు గింజ పైకొస్తుంది. పంట మార్పిడి ఉపయోగమే, అయితే మార్చాల్సింది వరి తర్వాతి పంటను. వరి, మొక్కజొన్న, జొన్న మీద ఇది బతకదు. మినుము స్థానంలో దుక్కి లేకుండా మొక్కజొన్నో జొన్నో వేస్తే మొలిచిన తీగకు ఆధారం దొరకదు. ఆ చేలో వెడల్పాకు కలుపు లేకుండా చూసుకోవాలి, లేకపోతే తీగ దాన్ని పట్టుకుని గింజ కట్టేస్తుంది. ఉల్లి, మిరప, శనగ, లూసర్న్ మాత్రం మార్పిడికి పనికిరావు, వాటినీ ఇది పడుతుంది.

కషాయం సంగతి. తీగ పెరిగిన మొక్కలోని ఆల్కలాయిడ్లు (కొన్ని విషం కాగల రసాయనాలు) తీగలోకీ చేరతాయి. కంచె మీంచి తెచ్చిన తీగ ఏ మొక్క మీద పెరిగిందో తాగేవాళ్ళకు తెలియదు. కాబట్టి తాగకండి.

ఈ ఏడాది ఇప్పటికే గింజ కట్టిన చేలో కోత వరుస మార్చండి. తీగ లేని భాగం ముందు కోసి నూర్చండి, పట్టిన భాగం చివర. ఆ తర్వాత యంత్రాన్ని జల్లెళ్ళు విప్పి దులపకుండా పక్క చేలోకి పంపకండి. ఆ చేను మినుములు పప్పుకే వాడండి, ఒక్క శేరు కూడా విత్తనానికి దాచకండి, ఎవరికీ ఇవ్వకండి.