బౌల్ గేమ్ గారికి, మీ ఖాళీ కుర్చీకి డబ్బు కట్టినవాడు రాయునది

బౌల్ గేమ్ గారికి నమస్కారాలు.

మీరు నన్ను ఎరగరు. మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం ఒక్క మాట: మీరంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) సీజన్ అయ్యాక, రెండు జట్లను పిలిచి విడిగా పెట్టే ఆట. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాను, దాని పేరెందుకు లెండి. మొదటి సెమిస్టర్ బిల్లు వచ్చిన రోజు రూమ్‌లో నలుగురం ల్యాప్‌టాప్ చుట్టూ చేరి, ఒక్కో లైను రూపాయల్లోకి మార్చుకుంటూ, గుండె పట్టుకుని చదివాం. ట్యూషన్, హెల్త్ ఇన్సూరెన్స్, టెక్నాలజీ, ఆ కింద 'అథ్లెటిక్స్ ఫీజు'. మా గుంటూరు రూమ్మేట్ "జిమ్ముకేమోరా, రోజూ వెళ్లి వసూలు చేసుకుందాం" అన్నాడు. జిమ్ముకు వేరే లైను ఉంది. ఇది ఫుట్‌బాల్ జట్టున్న డిపార్ట్‌మెంటుకు, అంటే తిరిగి తిరిగి మీ దగ్గరికే. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తిరగేశాను. 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో పూల పండగకు వచ్చిన జనానికి కాలక్షేపంగా మిషిగన్‌కీ స్టాన్‌ఫర్డ్‌కీ ఆట పెట్టారు. మిషిగన్ 49, స్టాన్‌ఫర్డ్ సున్నా. ఆ దెబ్బకు 1916 దాకా ఫుట్‌బాల్ ఊసెత్తకుండా రథాల పందేల లాంటివి పెట్టుకున్నారట. అంటే మీరు పుట్టిందే టూరిస్టుల కోసం. చలికాలంలో ఎండ కాసే ఊళ్లో హోటల్ గదులు నింపడం మీ అసలు పని, ఛాంపియన్ ఎవరో తేల్చడం తర్వాత నెత్తిన పడ్డ పని.

ఇప్పుడు మీరు నలభైకి పైగా ఉన్నారు. బంగాళాదుంప పేరుతో ఒకరు, మయోనైజ్ పేరుతో ఒకరు, ఒకప్పుడు కలుపు కోసే మిషన్ పేరుతో కూడా ఒకరు. నలభై గిన్నెలు నిండాలంటే ఎనభై జట్లు కావాలి, పై డివిజన్‌లో ఉన్నవే నూట ముప్ఫై చిల్లర. అందుకని పన్నెండు ఆటల్లో ఆరు గెలిస్తే చాలన్నారు. మా ఇంజనీరింగ్ కాలేజీలో పాస్ మార్కు అంతకన్నా తక్కువే అనుకోండి, కానీ పాసైనవాడిని ఫ్లోరిడా తీసుకెళ్లేవాళ్లు కాదు. 2015లో అలాంటివాళ్లూ సరిపోక, ఐదు గెలిచి ఏడు ఓడిన నెబ్రాస్కా, మిన్నెసోటా, శాన్ హోసే స్టేట్ జట్లను పిలిచారు. దేన్ని బట్టి ఎంచారంటే, ఆటగాళ్ల చదువు ఎలా సాగుతోందో చెప్పే స్కోరును బట్టి! కాలేజీ ఫుట్‌బాల్‌కు కాలేజీ గుర్తొచ్చిన అరుదైన సందర్భం కాబట్టి రాసిపెట్టుకున్నాను.

ఆ ఆరో గెలుపు కోసం పడే పాట్లు చూడాలి. కింది డివిజన్ జట్టు మీద గెలుపు కూడా ఏడాదికి ఒకటి లెక్కలోకి వస్తుంది కాబట్టి, పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ "వచ్చి ఓడిపోండి" అని పిలుస్తాయి. అన్నిసార్లూ కలిసిరాదు, 2007లో మిషిగన్ నాలుగు లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ను పిలిపించుకుని 32-34తో ఓడిపోయింది. డబ్బిచ్చి తన్నించుకోవడమంటే అదే.

సరే, అసలు విషయానికొస్తాను. మీ ఫియెస్టా బౌల్ సంగతి. ఫియెస్టా అంటే స్పానిష్‌లో పండగట. ఎవరికి పండగో చూద్దాం.

2011 జనవరి 1న కనెక్టికట్ యూనివర్సిటీని అరిజోనాకు పిలిచారు. దేశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు. వచ్చేవాళ్లు ఊరికే రాకూడదు, 17,500 టికెట్లకు పూచీ పడాలి, అమ్ముడుపోకపోయినా డబ్బు కట్టాలి. పన్నెండు వేలకు పైగా మిగిలిపోయాయి. ఓక్లహోమా చేతిలో 20-48తో ఓడి ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే నష్టం 16 లక్షల డాలర్లు దాటింది. "అదేంటి, బౌల్ వాళ్లు కోట్లు ఇస్తారుగా?" అని నేనూ అడిగాను. ఇస్తారు, కాన్ఫరెన్స్‌కు, అంటే ఆ కాలేజీ ఉన్న కాలేజీల కూటమికి. అది అందరికీ పంచుతుంది, అసలు ఆడనివాళ్లకు కూడా. పెళ్లి ఖర్చు మనది, చదివింపులు ఊరందరికీ. అందుకే "మాకొద్దు బాబూ ఈ పండగ" అని ఏ కాలేజీ అయినా అనబోతే చుట్టుపక్కలవాళ్లకే కోపం. 2025 డిసెంబరులో అయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ కోచ్‌లు మారిపోతున్న గందరగోళంలో బౌల్ ఆడలేమన్నాయి. బిగ్ 12 కాన్ఫరెన్స్ ఒక్కో కాలేజీకి ఐదు లక్షల డాలర్ల జరిమానా వేసింది. విందుకు రాలేమన్నందుకు విస్తరాకు డబ్బులు కట్టమన్నారన్నమాట.

కనెక్టికట్ నష్టం లెక్క తేలుతున్న రోజుల్లోనే, 2011 మార్చిలో, ఆ ఫియెస్టా బౌల్ అధిపతి ఉద్యోగం ఊడింది. ఉద్యోగుల చేత రాజకీయ నాయకులకు చందాలిప్పించి ఆ డబ్బు వెనక్కి ఇచ్చారని తేలింది. ఆయన యాభయ్యో పుట్టినరోజుకు పెబుల్ బీచ్ అనే ఖరీదైన గోల్ఫ్ రిసార్టులో అయిన ఖర్చు 33 వేల డాలర్లకు పైగా, దానికీ సంస్థే బిల్లు కట్టింది. సంస్థ ఏమిటంటే, లాభాపేక్ష లేనిది! నిజమే, లాభం మిగలనిస్తే కదా.

కోచ్‌ల సంగతి ఇంకా బాగుంటుంది. వాళ్ల కాంట్రాక్టుల్లో బౌల్‌కు వెళ్తే ఇంత, ప్లేఆఫ్‌కు (ఛాంపియన్‌ను తేల్చే నాకౌట్ ఆటలకు) వెళ్తే ఇంత అని బోనస్‌లు రాసుంటాయి. 2025 నవంబరు చివర్లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు పదకొండు గెలిచి ఒక్కటే ఓడి, ప్లేఆఫ్ గుమ్మంలో నిలబడి ఉంటే, కోచ్ లేన్ కిఫిన్ బద్ధ శత్రువైన ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) వెళ్లిపోయాడు. పోతే పోయాడు, ఓల్ మిస్ ప్లేఆఫ్‌లో ఎంత దూరం వెళ్తే అతనికి అక్కడ రావాల్సిన బోనస్ అంతా తామే ఇస్తామని ఎల్‌ఎస్‌యూ ఒప్పుకుంది. రెండుసార్లు చదివితే గానీ నాకు బుర్రకెక్కలేదు. వదిలేసిన జట్టు గెలిచినప్పుడల్లా కొత్త ఓనరు చెక్కు రాయాలి. మా ఊళ్లో పాత జీతగాడు మానేసి పొరుగు కామందు దగ్గర చేరితే, పాత చేలో పండిన ధాన్యానికి కొత్త కామందు కొలత వేసినట్టు!

ఇక ఆడేవాళ్లు. మీరు ఇచ్చే బహుమతి సంచికి పరిమితి ఉంది, 550 డాలర్లు. వాచీ, హెడ్‌ఫోన్లు, బ్యాక్‌ప్యాక్ లాంటివి. 2016 జనవరి 1న, మళ్లీ అదే ఫియెస్టాలో, నోటర్‌డామ్ యూనివర్సిటీ డిఫెన్స్ ఆటగాడు జేలన్ స్మిత్ మోకాలు విరిగినట్టు మెలిపడింది. లిగమెంట్లు తెగాయి, నరం దెబ్బతింది. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో పోతాడనుకున్నవాడు 34వ స్థానానికి జారాడు. ఆ తేడా మిలియన్లలో ఉంటుంది, సంచిలో వాచీ ఎంత మంచిదైనా సరే. ఆ ఏడాది చివర్లోనే లెనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ అనే ఇద్దరు పేరున్న కాలేజీ ఆటగాళ్లు బౌల్ ఆడం అని తప్పుకుంటే "జట్టును మోసం చేశారు" అని టీవీలో పెద్దమనుషులు బాధపడ్డారు. కోచ్ మధ్యలో పోతే కెరీర్, కుర్రాడు మోకాలు కాపాడుకుంటే ద్రోహం! 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు కాబట్టి ఈ కోపం కొంచెం తగ్గుతుందేమో, నాకైతే అనుమానమే.

మా యూనివర్సిటీ కూడా ఒకసారి మీ దయకు నోచుకుంది. ఆరు గెలుపులు, ఆరు ఓటములు. స్టూడెంట్లకు టికెట్ ఫ్రీ అని మెయిల్ వచ్చింది. పదకొండు గంటల డ్రైవ్, మరునాడు నాకు ప్రాజెక్ట్ సబ్‌మిషన్. పులిహోర కలుపుకుని టీవీ ముందు కూర్చున్నాం. కెమెరా జనం ఉన్న వైపే తిప్పుతూ జాగ్రత్తగా నెట్టుకొచ్చారు పాపం, ఒక్క కిక్ మాత్రం బాగా ఎత్తుకు లేచింది. బంతి వెంట కెమెరా పైకి వెళ్లేసరికి వెనక పై అంతస్తు మొత్తం కనిపించింది, వరసలకు వరసలు నీలం కుర్చీలు, ఒక్కడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "నాలుగు సెమిస్టర్లు కట్టాం కదరా, ఆ చివర్లో నాలుగు మనవే" అన్నాడు గుంటూరోడు.

ఆ ఫీజు తిరిగివ్వమని అడగను. ఆ ఏడాది బహుమతి సంచులు ఏమైనా మిగిలిపోయి ఉంటే, హెడ్‌ఫోన్లు ఉన్నది ఒకటి పంపండి. షిప్పింగ్ నేనే కట్టుకుంటాను, అలవాటే కదా.

ఇట్లు,
పై అంతస్తు నీలం కుర్చీ తాలూకు