లేచి నిలబడమనకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ విరాళాల బ్యాంక్వెట్ అయిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతోంది, రికార్డు కలెక్షన్ అని. గ్రూపుల్లో పెట్టకుండా విడివిడిగా ఫోన్లలో చెప్పుకుంటున్న మాట ఇంకొకటి ఉంది: "వచ్చే ఏడాది భోజనాల టైముకు వెళ్దాం, ముందే వెళ్తే ఇరుక్కుపోతాం." మొదటి మాట గురించి ప్రెసిడెంట్ గారు ఈ సంచికలో ఎలాగూ రాస్తారు. రెండో దాని సంగతి నేను రాస్తాను.

రానివాళ్ళ కోసం జరిగింది చెప్తాను. పిల్లల కూచిపూడి అయిపోయింది, మ్యూజికల్ నైట్ ఇంకా మొదలవలేదు. హాల్లో లైట్లన్నీ వేశారు. స్టేజీ నడిపిస్తున్న ఎంసీ గారు మన ఊరి బడుల మీద నాలుగు స్లైడ్లు చూపించి, "పది వేల డాలర్లు ఇవ్వదలచినవారు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. ఇద్దరు డాక్టర్లు, ఒక రియల్టర్ లేచారు. చప్పట్లు, శాలువాలు. తర్వాత ఐదు వేలు, రెండు వేలు, వెయ్యి. మెట్టు దిగేకొద్దీ లేచేవాళ్ళు పెరిగారు. లేచినవాళ్ళను మళ్ళీ కూర్చోనివ్వలేదు. వంద డాలర్ల దగ్గరికి వచ్చేసరికి కూర్చుని ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఎంసీ గారు నవ్వుతూనే, "ఇంకా ఆలోచిస్తున్నవాళ్ళు కూడా కనిపిస్తున్నారండోయ్" అన్నారు. హాలంతా నవ్వింది.

మా టేబుల్ దగ్గర ఒక కుర్రాడు ఐదు వందల దగ్గర లేచాడు. వాళ్ళావిడ టేబుల్ కింద నుంచి అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. అతను ఆగలేదు. తర్వాత పార్కింగ్‌లో తనే చెప్పాడు. ఉద్యోగం పోయింది, హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాడు, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అరవై రోజుల గడువు నడుస్తోంది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. "పక్క టేబుల్లో మా పాత టీమ్ వాళ్ళున్నారు అక్కా. కూర్చుని ఉంటే రేపటికల్లా అందరికీ తెలిసిపోతుంది కదా." ఆ ఐదు వందలూ మన రికార్డు కలెక్షన్‌లో ఉన్నాయి.

ఫండ్ రైజింగ్ కమిటీలో ఉన్న అన్నయ్య ఒకాయన్ని మర్నాడు అడిగాను. "నువ్వు చెప్పేది వినడానికి బాగుంటుందమ్మా. మెయిల్ పెడితే ఎవడూ తెరవడు. క్యూఆర్ కోడ్ పెడితే ఫొటో తీసుకుని ఇంటికెళ్ళి మర్చిపోతారు. మనవాళ్ళు నిలబెడితేనే ఇస్తారు" అన్నారాయన. ఆయన్ని తీసిపారేయలేను. వీకెండ్లన్నీ అసోసియేషన్ పనికే పోసే మనిషి. హాలు అద్దె దగ్గర బేరమాడేదీ, అర్ధరాత్రి కుర్చీలు మడతపెట్టేదీ ఆయనే. పైగా ఆ మాటలో నిజం లేకపోలేదు.

స్టెఫానో డెల్లావిగ్నా, జాన్ లిస్ట్, ఉల్రికె మల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు షికాగో చుట్టుపక్కల ఇళ్ళకు విరాళాలు అడగడానికి మనుషుల్ని పంపారు. ఆ అధ్యయనం 2012లో అచ్చయింది. కొన్ని ఇళ్ళ తలుపులకు ముందురోజే "రేపు ఫలానా టైముకు వస్తున్నాం" అని కాగితం తగిలించారు. అక్కడ తలుపు తీసేవాళ్ళు తగ్గారు. "మా ఇంటికి రావద్దు" అని టిక్కు పెట్టుకునే గడి కూడా ఉన్న కాగితం తగిలించిన చోట వచ్చిన విరాళాలు పావు వంతుకు పైగా పడిపోయాయి. పడిపోయినవి కూడా ఎక్కువగా చిన్న మొత్తాలే. ఇష్టపడి ఇచ్చేవాళ్ళు ఎలాగైనా ఇచ్చారు. మొహం చెల్లక ఇచ్చేవాళ్ళకు తప్పించుకునే దారి దొరికితే తప్పించుకున్నారు.

కాబట్టి నిలబెడితే ఇస్తారన్న అన్నయ్య మాట నిజమే. కాకపోతే "భోజనాల టైముకు వెళ్దాం" అనేవాళ్ళు కూడా ఆ కాగితం చూసి తలుపు వేసుకున్నవాళ్ళ లాంటి వాళ్ళే. వచ్చే ఏడాది వాళ్ళు మనకు దొరకరు. డబ్బుకే కాదు, పిల్లల డాన్స్ చూడ్డానికి కూడా.

ఇదంతా మన సంప్రదాయమే, పెళ్ళిళ్ళలో చదివింపులు మైకులో చదివేవాళ్ళు కాదా అని గ్రూపులో ఒకరు పెట్టారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే మా వైపు పెళ్ళిళ్ళలో ఆ పుస్తకం రాసింది మా పెదనాన్న.

పందిరి గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చునేవారు. పొడుగాటి లెక్కల పుస్తకం, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు. పక్కన తాంబూలాల పళ్ళెం, ఓ గిన్నెలో రూపాయి బిళ్ళలు. నోటు తెచ్చి పైన రూపాయి మర్చిపోయినవాళ్ళకు ఆ గిన్నెలోంచి తీసి ఆయనే కలిపేవారు. సున్నాతో ముగిసే అంకె పుస్తకంలో పడకూడదని ఆయన పట్టుదల. ఇంటిపేరు, పేరు, ఊరు, రూపాయలు వరసగా రాసి చీటీ లోపలికి పంపితే, మైకు దగ్గర మా బాబాయి "ఫలానా వారు నూట పదహార్లు చదివించారు" అని చదివేవాడు. పదకొండు రూపాయలకూ వెయ్యి నూట పదహార్లకూ ఒకే గొంతు. సరే, వెయ్యి దాటితే కాస్త సాగదీసేవాడు, మనిషే కదా.

మా పొలానికి పనికొచ్చే ఆవిడ ఒకసారి కొంగు ముడి విప్పి ఐదు రూపాయల నోటు తీసి, "మైకులో వద్దయ్యా, పుస్తకంలో రాసుకో చాలు" అంది. పెదనాన్న గిన్నెలోంచి రూపాయి తీసి కలిపి, ఆరు అని రాసుకుని, లేచి నిలబడి ఆమెకు తాంబూలం ఇచ్చారు. చీటీ లోపలికి పోలేదు. తర్వాత వాళ్ళమ్మాయి పెళ్ళికి ఆ పుస్తకం తీసి చూసి, ఆరుకు నూట పదహార్లు పెట్టించారు.

ఆ పుస్తకం అంత పవిత్రమైనదని కూడా అనను. అది ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో చూసుకునే చిట్టా. పెట్టినదానికి తక్కువ పెట్టారని మా అమ్మ ఒక ఇంటివాళ్ళ గురించి ఏళ్ళ తరబడి మాట్లాడేది. కానీ అక్కడికి వచ్చేవాళ్ళు ఎంత చదివించాలో ఇంటి దగ్గరే అనుకుని కవరు కట్టుకుని వచ్చేవారు. పందిట్లో ఎవరూ వేలంపాట పెట్టలేదు. పేరు చదవడం ఇచ్చిన తర్వాత సంగతి, వద్దంటే మానేసేవారు.

పేరు కోసం ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. మా ఊరి రామాలయంలో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు ఉంటుంది. చదవాలంటే ఫ్యాను ఆపాలి, ఎండాకాలం అది జరిగే పని కాదు, అయినా పేరు ఉండాల్సిందే. చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం, ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇది మన ఒక్కళ్ళ జబ్బు కూడా కాదు. హార్వర్డ్ లా స్కూల్ దాతల జాబితాను ఆర్థికవేత్తలు చూస్తే, 500 నుంచి 999 డాలర్ల వరసలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ సరిగ్గా 500 ఇచ్చినవాళ్ళేనట. మన గోల్డ్ స్పాన్సర్లనూ ప్లాటినం స్పాన్సర్లనూ ఆడిపోసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు కూడా దాత పేరే. సినిమావాళ్ళు ఎల్వీ ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇస్తే, ఇక్కడ రోచెస్టర్‌లో పనిచేసి వెనక్కి వెళ్ళిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడ పైసా కట్టకుండా చూపు తెచ్చుకున్నవాళ్ళకు బోర్డు మీద పేరుతో పేచీ ఏముంటుంది? ఇంకో వైపు డొక్కా సీతమ్మ గారు. గోదావరి లంకల్లో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా 1909లో పోయేదాకా అన్నం పెట్టారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఫొటో కావాలని దొరలు వస్తే తీయించుకోవడానికి మొదట ఒప్పుకోలేదని చెబుతారు. మనం సీతమ్మలం కాలేం. ఫ్యాను రెక్క దగ్గర ఆగినా నాకు అభ్యంతరం లేదు.

మనవాళ్ళు అడిగితే ఇవ్వరు అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఇక్కడ చదువుకోవడానికొచ్చిన పిల్లవాడో పిల్లో యాక్సిడెంట్లో పోయినప్పుడు ఏం జరుగుతోంది? రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో, ఒక పేరు, ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఏం పని చేస్తారన్న రెండు వాక్యాలు, ఒక లింకు వస్తాయి. తెల్లారేసరికి పిల్లవాణ్ణి ఇంటికి పంపడానికి సరిపడా డబ్బు దాటిపోతుంది. చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉన్నవాళ్ళు పదేసి డాలర్లు వేస్తారు. ఎనానిమస్ అని పెట్టి ఐదు వందలు వేసినవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. ఎవరూ ఎవర్నీ నిలబెట్టరు, శాలువా కప్పరు.

అలా ఎందుకు ఇస్తామో కూడా పరిశోధకులు చూశారు. 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరికి ఆఫ్రికా కరువు అంకెలు చూపించారు, కొందరికి మాలీ దేశంలో రోకియా అనే ఏడేళ్ళ పిల్ల ఫొటో చూపించారు. పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు ఎక్కువ ఇచ్చారు. పిల్ల పక్కన అంకెలు కూడా పెడితే తగ్గించారు. దీంట్లో చెడ్డ కూడా ఉంది. మొహం లేని అవసరాలకు, అంటే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి, దాని నీళ్ళ ట్యాంకుకు, లింకు పెడితే తెల్లారేసరికి డబ్బు రాదు. కమిటీవాళ్ళ కష్టం నాకు తెలుసు. అయినా ఆ నాలుగు స్లైడ్లలో ఏ ఊరి బడో, ఎవరికి పంపుతున్నామో ఒక్కటీ లేదు. మొహం చూపించలేకపోతే లెక్కైనా చూపించాలి కదా.

లెక్క అడిగితే అవమానంగా తీసుకునేవాళ్ళున్నారు. తీసుకోనవసరం లేదు. మనలాంటి సంస్థ ఏటా ట్యాక్స్ శాఖకు వేసే లెక్కల కాగితం, ఫారం 990, ఎవరైనా అడిగి చూడొచ్చు, చట్టమే అలా ఉంది. పోతే అటు ఇండియా వైపు. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద మన డబ్బు అందుకునే సంస్థకు అనుమతి ఉండాలి. 2020లో దాన్ని సవరించాక ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి, అందుకున్న సంస్థ ఇంకో సంస్థకు దాన్ని మళ్ళించకూడదు. "మన ఊరి బడి" అని స్టేజీ మీద చెప్పడం తేలిక, ఆ బడిదాకా డబ్బు వెళ్ళడం తేలిక కాదు. ఎలా వెళ్తుందో మన వెబ్‌సైట్లో ఒక పేరా రాస్తే చాలు.

ట్యాక్స్ కోసం ఇస్తారులే అని ఒక మాట ఉంది కదా, దాని సంగతి రెండు ముక్కల్లో. 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులు చూపించకుండానే వచ్చే తగ్గింపు, దాదాపు రెట్టింపయ్యాక, మనలో చాలామందికి విరాళం వల్ల ట్యాక్స్ తగ్గడమే లేదు. 2026 నుంచి ఐటమైజ్ చేయకపోయినా, అంటే ఖర్చులు విడివిడిగా చూపించకపోయినా, జంటకు రెండు వేల డాలర్ల దాకా తగ్గింపు వచ్చింది, అది మంచిదే. బ్యాంక్వెట్ టికెట్లో భోజనం ఖరీదు మాత్రం విరాళం కిందికి రాదు, ట్రెజరర్ గారు రసీదులో విడిగా చూపించాలి.

ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా అంతే కలిపే మ్యాచింగ్ అంతకన్నా సున్నితం. మ్యాచింగ్‌లో అక్రమాలంటూ పెద్ద కంపెనీలు ఉద్యోగాలు తీసేశాయన్న వార్తలు 2025లో మనందరం చదివాం, మనవాళ్ళ గురించి నానా మాటలూ విన్నాం. అత్త సొమ్ము అల్లుడు దానం బాపతు వ్యవహారం ఒకటి బయటపడితే, నిజాయితీగా జేబులోంచి ఇచ్చిన వందమంది తల దించుకోవాల్సి వస్తుంది. స్టేజీ మీద "మ్యాచింగ్ కలిపితే రెట్టింపు" అని ఊదరగొట్టేటప్పుడు, ముందు ఆ సగం నిజంగా మీదేనా అని అడిగేవాళ్ళుండాలి.

కమిటీకి నా మనవి ఇదీ. వచ్చే బ్యాంక్వెట్‌లో నిలబెట్టే కార్యక్రమం పెట్టకండి. ఆహ్వానంతోపాటే, ఏ బడికి ఎంత కావాలో రాసిన కాగితం, దాంతో ఒక కవరు పంపండి. రెండు డాలర్లు పెట్టినా, ఖాళీ కవరు వేసినా బయటికి ఒకేలా కనిపించే పెట్టె గుమ్మం దగ్గర పెట్టండి. పేరు చదవమన్నవాళ్ళ పేరు చదవండి, ఎంతిచ్చారో చెప్పకుండా. శాలువాలు కప్పాలనే ఉంటే పొద్దుటి నుంచి వంటశాలలో నిలబడి పులిహోర కలిపిన అక్కలకు కప్పండి, వాళ్ళ గంటలకు ఎవరూ మ్యాచింగ్ ఇవ్వడం లేదు. మొదటి ఏడాది కలెక్షన్ తగ్గుతుంది. తగ్గిందని ఈసీలో, అంటే మన కార్యవర్గంలో, ఎవరూ ఎవరి మీదా విరుచుకుపడకూడదని ముందే అనుకోండి.

మొన్న నిలబడి ఇస్తామన్న ప్లెడ్జుల కోసం ఇంకా ఫోన్లు చేస్తున్నారని వింటున్నాను. అవి కూడా ఆపండి. ఒక మెయిల్ పెట్టి, ఇవ్వలేనివాళ్ళు జవాబు రాయనవసరం లేదని అందులోనే చెప్పండి. ఈ రెండు సంగతులూ వచ్చే ఈసీ మీటింగ్ అజెండాలో పెట్టమని సెక్రటరీ గారికి రాశాను. మీకూ అలాగే అనిపిస్తే మీరూ రాయండి. ఒక్క మెయిలైతే పక్కన పెడతారు.