సవరణ: లినక్స్ కౌంటర్ డ్రైవర్ నమోదు పద్ధతి

లినక్స్ కౌంటర్ డ్రైవర్ (పల్స్‌ల వంటివి లెక్కించే హార్డ్‌వేర్‌ను నడిపే కెర్నెల్ కోడ్) రాసే విధానంపై ఇదివరకటి వ్యాసంలో, కౌంటర్_డివైస్ స్ట్రక్చర్‌ను డ్రైవర్ సొంత స్ట్రక్చర్‌లో పొదిగి, డెవ్ఎమ్_కౌంటర్_రిజిస్టర్ పిలవమని రాశాం. అది పాత పద్ధతి. ఆ ఫంక్షన్ ఇప్పటి కెర్నెల్‌లో లేదు కనుక అలా రాసిన డ్రైవర్ కంపైల్ కాదు.

కొత్త పద్ధతిలో ముందు, మెమరీ కేటాయించే డెవ్ఎమ్_కౌంటర్_అలాక్‌కు మీ ప్రైవేట్ డేటా సైజు ఇవ్వండి. విఫలమైతే నల్ వస్తుంది. ఎర్రర్ పాయింటర్ (ఎర్రర్ కోడ్‌ను మోసే పాయింటర్) రాదు కాబట్టి దాన్ని గుర్తించే ఈజ్_ఎర్ర్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. కౌంటర్_ప్రైవ్‌తో మీ డేటా అందుకుని, పేరు, ఆపరేషన్లు, కౌంట్లు, సిగ్నళ్లు నింపాకే, డివైస్‌ను నమోదు చేసే డెవ్ఎమ్_కౌంటర్_యాడ్ పిలవాలి.

ఇది పేర్ల మార్పు మాత్రమే కాదు. ఏదో ప్రోగ్రామ్ కౌంటర్ క్యారెక్టర్ డివైస్‌ను (ప్రోగ్రామ్‌లు కౌంటర్‌ను వాడుకునే డివైస్ ఫైల్‌ను) తెరిచి ఉంచగా డ్రైవర్‌ను తొలగిస్తే, పాత పద్ధతిలో ఇంకా వాడుకలో ఉన్న మెమరీ విడుదలైపోయేది. దీన్ని మేం ముందే చెప్పాల్సింది.

ఇంకొకటి: వాచ్ (ఏ ఈవెంట్‌కు ఏ డేటా కావాలో తెలిపే అభ్యర్థన) చేర్చగానే ఈవెంట్లు మొదలవుతాయని ఆ వ్యాసంలో రాసిందీ తప్పే. ఎనేబుల్ ఈవెంట్స్ అయాక్టిల్ (ioctl, ప్రోగ్రామ్ డివైస్‌కు పంపే ఆదేశం) ఇచ్చేదాకా ఆ వాచ్‌లు అమల్లోకి రావు.