ఆరంకెల కోడ్‌కు ఫోనెందుకు?

ఆమధ్య నా ఫోన్ నీళ్లలో పడి చచ్చిపోయింది. ఎదురుగా కంప్యూటర్ ఉంది, నెట్ ఉంది, పాస్‌వర్డ్ గుర్తుంది. బ్యాంకు వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే ‘మీ ఫోన్‌లోని యాప్‌లో అనుమతించండి’ అంది. పక్కవాళ్ల ఫోన్ అడిగి కస్టమర్ కేర్‌కు చేస్తే, యాప్‌లోకెళ్లి చాట్ చేయమన్నారు. ఫోన్ పోయిందన్న ఫిర్యాదు కూడా ఆ ఫోన్‌లోంచే ఇవ్వాలన్నమాట!

అన్ని పనులూ ఫోన్‌లోకి ఎలా చేరాయో అందరికీ తెలిసిందే. ఆ పనుల్లో చాలావాటికి అసలు స్మార్ట్‌ఫోనే అక్కర్లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

చాలా సైట్లు పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళంగా అడిగే, ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్‌నే చూడండి. అది ఫోన్ చేసే మాయేమీ కాదు. ఒక రహస్య తాళం, అప్పటి సమయం, రెండూ కలిపి వేసే లెక్క. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే సాంకేతిక పత్రంలో బయటపెట్టిన ఈ లెక్కను ఏ కంప్యూటరైనా నెట్ లేకుండానే చేసేస్తుంది. ఈ ఏర్పాటు మొదట పెట్టుకునేటప్పుడు సైట్ చూపించే క్యూఆర్ కోడ్ కింద చాలాచోట్ల ‘స్కాన్ చేయలేకపోతున్నారా?’ అని చిన్న అక్షరాల్లో ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే ఇంగ్లిష్ అక్షరాలూ 2 నుంచి 7 దాకా అంకెలూ కలిసిన ఒక వరుస వస్తుంది, అదే ఆ రహస్య తాళం. దాన్ని కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్‌ఎక్స్‌సీ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే ఫోన్‌తో పనిలేదు. (పాస్‌వర్డ్‌లున్న ఫైల్లోనే దీన్నీ పెట్టకండి, రెండు తాళాలూ ఒకే జేబులో వేసుకున్నట్టవుతుంది.) ఇంత తేలికైన దారిని ఆ చిన్న లింకు వెనక దాచడం ఊరికే జరిగిందంటే నేను నమ్మను.

మెసేజింగ్ యాప్‌లదీ ఇదే వరస. వాట్సాప్ 2021 నుంచి ఫోన్‌లో నెట్ లేకున్నా కంప్యూటర్‌లో నడుస్తోంది. కానీ పద్నాలుగు రోజులకు మించి ఫోన్‌లో దాన్ని తెరవకపోతే కంప్యూటర్‌లోంచి బయటికి గెంటేస్తుంది. పోనీ ఆండ్రాయిడ్‌నే కంప్యూటర్‌లో నడుపుదామంటే, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఆ సదుపాయానికి 2025 మార్చిలో తెరపడింది. విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో ఆ పనికి వేడ్రాయిడ్ అనే ప్రోగ్రామ్ ఉంది, చాలా యాప్‌లు బాగానే నడుస్తాయి. బ్యాంకు యాప్‌లు మాత్రం చాలావరకు మొరాయిస్తాయి.

ఎందుకు మొరాయిస్తాయన్న దగ్గరే అసలు కథంతా ఉంది. యాప్ తెరవగానే ‘ఈ పరికరం మంచిదేనా?’ అని గూగుల్‌ను అడుగుతుంది. ప్లే ఇంటిగ్రిటీ అనే ఆ ఏర్పాటు ఇచ్చే తీర్పును బట్టే తలుపు తెరుచుకుంటుంది. సంవత్సరాలుగా సెక్యూరిటీ అప్‌డేట్ ఎరగని పాత ఫోన్ కూడా, గూగుల్ ముద్ర ఉంటే చాలు, ఇందులోని పరికరం స్థాయి పరీక్ష గట్టెక్కేస్తుంది. భద్రత కోసమే ఆండ్రాయిడ్‌ను మార్చి చేసిన, ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వచ్చే గ్రాఫీన్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం అదే పరీక్షలో తప్పుతుంది. తాళం గట్టిదా కాదా అన్నది పక్కనపెట్టి, ఎవరి కొట్లో కొన్నావని అడిగినట్టుంది వ్యవహారం! ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను కూడా సరిచూసుకునే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది. వాడుకోవాలన్న ఆలోచన యాప్ చేసేవాళ్లకు ఉండాలి.

కంప్యూటర్‌లోకి వైరస్ సులువుగా చొరబడుతుందని, ఫోన్‌లో తాళాలు దాచే ప్రత్యేక చిప్ ఉంటుందని అంటారు. నిజమే. అలాంటి చిప్పే కంప్యూటర్‌కు గుచ్చే వేలెడంత యూఎస్‌బీ సెక్యూరిటీ కీలోనూ ఉంది. బ్రౌజర్‌లో దాన్ని వాడుకునే వెబ్‌ఆథన్ పద్ధతి 2019 మార్చి నుంచే వెబ్ ప్రమాణం. భద్రతే ముఖ్యమనుకునే బ్యాంకు ఆ కీని ఎందుకు ఒప్పుకోదు?

అందుకే దీన్ని నేను సాంకేతిక సమస్యగా చూడను. ఖాతా నాది, డబ్బు నాది. లోపలికి రానివ్వాలో లేదో తేల్చేది గూగుల్, యాపిల్ అనే రెండు అమెరికన్ కంపెనీలు. వాటి షరతులు నచ్చకపోతే వెళ్లడానికి మూడో చోటు లేదు. ఈ ప్రమాదాన్ని స్విట్జర్లాండ్‌లోని జెనీవా ప్రాంతం ముందే పసిగట్టింది. 2023 జూన్‌లో అక్కడ ఓటేసినవారిలో 94 శాతానికి పైగా ‘ఆఫ్‌లైన్‌గా బతికే హక్కు’ను తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. మిగతా ప్రభుత్వాలు అంత దూరం వెళ్లకపోయినా, బ్యాంకు, వైద్యం, పన్నులు లాంటి సేవలకు గూగుల్, యాపిల్ ఖాతా అడగని దారి ఒక్కటైనా తప్పనిసరి చేయాలి.

నా బ్యాంకు మాత్రం కొత్త ఫోన్ కొన్నాకే తలుపు తీసింది. ఆ ఫోన్ ఆన్ చేస్తే, బ్యాంకు యాప్ దింపుకోవడానికి ముందు గూగుల్ ఖాతా అడిగింది.